నవ్వు ఎవరి మీద?

స్పీల్‌బర్గ్ తీసిన '1941' చిత్రం 1979లో వచ్చింది. జపాన్ దాడి చేస్తుందన్న భయంతో లాస్ ఏంజిలిస్ జనం పడే గందరగోళమే అందులో హాస్యం. మోత ఎక్కువ, నవ్వు తక్కువ అని విమర్శకులు చాలామంది తీసిపారేశారు. అయినా పెట్టుబడికి మించి వసూలైంది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు నిజంగానే బాంబులు వేసిన విశాఖలో కూర్చుని నేనా సినిమా చూశాను. యుద్ధోన్మాదాన్ని వెక్కిరించడం మంచిదే. నా అభ్యంతరం వేరు. వద్దని తప్పించుకుపోయే బెట్టీ అనే అమ్మాయిని ఒక సైనికుడు వెంటాడతాడు, బలవంతంగా పట్టుకులాగుతాడు. అదీ మనల్ని నవ్వించడానికే! మన తెలుగు సినిమాల్లో 'టీజింగ్' పేరుతో జరిగేదీ ఇదే కదా?

ఖర్చునీ, మోతనీ తూకం వేస్తే విమర్శ పూర్తికాదు. ఆ 'వద్దు'కి విలువెంత అని కూడా అడగాలి. అడగాల్సింది మనమే.