ర్యాపు పాటయు పసుపు కొమ్మును



“మా అబ్బాయి పగలెల్ల ర్యాపు పాటలే వినుచున్నాడు, మాన్పించుట యెట్లు?” అని మా ఆర్మూరు సోదరి యొకరు మమ్మడిగిరి. ఆమె చూచినవి బంగారు గొలుసులు, ఖరీదైన కార్లు, స్త్రీలను కించపరచు మాటలు. అట్టివి లేవని మేమనము, వానిని సమర్థింపము.

కాని మా ప్రాంతమున పసుపు కొనువారు పైమెరుగునకే ధర కట్టరు. కొమ్ము విరిచి లోని రంగు చూతురు. పాటకును ఇదియే పరీక్ష.

ఈ కళ 1973 ఆగస్టు 11న న్యూయార్కునందలి బ్రాంక్సు పేటలో పుట్టెనందురు. సిండీ కాంప్‌బెల్ అను బాలిక బడికి క్రొత్త బట్టలు కొనుటకై రుసుము పెట్టి వేడుక జరుపగా, ఆమె అన్న కూల్ హెర్క్ అందు రికార్డులు వాయించెను. 1982లో వెలువడిన ‘ది మెసేజ్’ పేదవాడల దైన్యమును లోకమునకు వినిపించెను. 2018లో కెండ్రిక్ లమార్ అను ర్యాపు గాయకునికి సంగీతమున పులిట్జరు బహుమతి లభించెను. హైదరాబాదున రోల్ రైడా మొదలగువారు తెలుగుననే ర్యాపు పాడుచున్నారు.

ప్రాస, తాళము, జనుల నుడికారము: ఇవియే దీని ప్రాణము. మనకిది వింతయా? పండితులు చిన్నచూపు చూచిన ద్విపదనే పాల్కురికి సోమనాథుడు చేపట్టి, జనులకందునట్లు బసవపురాణమును రచింపలేదా?

కావున తల్లులారా, బిడ్డ చెవినుండి ఇయర్‌ఫోను లాగివేయకుడు. ప్రక్కన కూర్చుండి, “నాయనా, ఈ పాటకు అర్థము చెప్పుము” అని అడుగుడు. తల్లియెదుట చెప్పుటకు సిగ్గుపడు పాటను వాడే విడుచును. చెప్పగలిగిన పాట మనమును వినదగినది.