అభయశాసనం ఎవరికి?

సుంకం అనే మాట సంస్కృత శుల్కానికి తద్భవం. హైస్కూలు పిల్లలకు ప్రకృతి వికృతులు చెప్పేటప్పుడు ఈ జంటను తప్పక చెప్పేవాడిని. చెప్పిన వెంటనే పాఠం వదిలిపెట్టి మోటుపల్లి శాసనంలోకి వెళ్ళిపోయేవాడిని. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవుకు వచ్చే సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయశాసనం అది. పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును తమ వశం చేసుకొనేవారు. తాను అట్లా చేయననీ, నిర్ణయించిన శుల్కం మాత్రమే తీసుకొంటాననీ గణపతిదేవుడు రాతిమీద చెక్కించాడు. ఎంత ఉదాత్తమైన శాసనం! అయితే అభయం దక్కినది సరకు గలవారికి. తెడ్డు వేసినవాడి ఊసు, మూట మోసినవాడి ఊసు అందులో లేదు. పదమూడవ శతాబ్దపు రాజును ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. మన కాలపు అభయశాసనాలు కూడా అదే తీరున వెలువడుతున్నాయే అన్నదే నా చింత.

2025వ సంవత్సరం సంగతే చూడండి. ఆగస్టు 7 నుండి అమెరికా మన సరకులపై 25 శాతం అదనపు సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి అదే నెల 27 నుండి మరొక 25 శాతం కలిపింది. రొయ్యలపై అంతకు ముందునుండే యాంటీ డంపింగ్ వంటి సుంకాలు ఉన్నాయి కనుక మొత్తం భారం 60 శాతానికి చేరువైంది. మనతో పోటీపడే ఈక్వడార్ రొయ్యపై వేసినది 15 శాతమే. 2024-25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల సముద్రోత్పత్తులు ఎగుమతి చేయగా, వాటి విలువలో మూడవ వంతుకు పైగా అమెరికా నుండే వచ్చింది. ఆ ఎగుమతులకు ప్రాణం రొయ్య; ఆ రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. ఇక విశాఖ, కాకినాడ, భీమవరం కర్మాగారాల గుండె గుభిల్లుమనడంలో వింత ఏమున్నది?

ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చున్నదని నేను అనను. 2025 నవంబరు 12న కేంద్ర మంత్రివర్గం ఎగుమతిదారులకు 20,000 కోట్ల రూపాయల వరకు అదనపు అప్పులకు పూచీకత్తు పథకాన్ని ఆమోదించింది. రెండు రోజుల తరువాత రిజర్వు బ్యాంకు, సుంకాల దెబ్బ తగిలిన రంగాలవారు సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 లోపల కట్టవలసిన వాయిదాలకు విరామం ఇవ్వవచ్చునని బ్యాంకులకు చెప్పింది. విదేశం నుండి సొమ్ము రాబట్టుకోవడానికి ఉన్న 9 నెలల గడువును 15 నెలలకు పెంచింది. ఇవి అవసరమైన పనులే. వ్యాపారి మునిగితే అతనితోపాటు చెరువు రైతూ, కూలీ అందరూ మునుగుతారు. వ్యాపారికి సాయం చేయవద్దనేవాడు లోకం తెలియనివాడు.

కాని ఈ సాయమంతా ప్రయాణించేది అప్పుల పద్దు వెంట. పద్దులో పేరున్నవాడికి అది చేరుతుంది. ఏ పద్దులోనూ పేరులేని మనిషి మాట ఏమిటి?

రొయ్యల కర్మాగారంలో పని ఎట్లా ఉంటుందో ఎరగనివారికి రెండు మాటలు. మంచుగడ్డల మధ్య, తడినేలమీద, గంటల తరబడి నిలబడి తలలు తీయాలి, పొట్టు వలవాలి, వీపుమీది నల్లని నరం లాగాలి, కౌంటు ప్రకారం వేరుచేయాలి. (కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.) ఇందులో ఎక్కువమంది స్త్రీలు, శ్రీకాకుళం పల్లెలవారు, బరంపురం, గంజాం వైపునుండి వచ్చిన ఒడిశావారు. చాలామంది గుత్తేదారు ద్వారా వచ్చినవారే. ఆర్డర్లు తగ్గినప్పుడు వీరిని ఎవరూ పనిలోనుండి తీసివేయనక్కరలేదు. పిలవకపోతే చాలు.

ఆ ఏడాది దసరా వెళ్ళాక, మా వీధి చివరి కిరాణా దుకాణం దగ్గర అటువంటి అమ్మాయి ఒకతె నా చేతికి కాగితం ఇచ్చి, వచ్చీరాని తెలుగులో, "మాస్టారూ, ఇందులో ఏముంది?" అని అడిగింది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. మార్కెట్ పరిస్థితుల వలన తదుపరి సమాచారం వరకు పని నిలిపివేయడమైనదట! తిరిగి ఎప్పుడు పిలుస్తారు, నిలిచిన కూలి ఎప్పుడు ఇస్తారు, ఊరికి పోవడానికి ఛార్జీలు ఎవరివి, పి.ఎఫ్. సొమ్ము ఎట్లా తీసుకోవాలి అని ఆమె వరుసగా అడిగింది. ఒక్కదానికీ ఆ కాగితంలో జవాబు లేదు. ఆ పిల్ల నిరక్షరాస్య కాదు. ఒడియాలో చక్కగా చదవగలదు. ఆ గుండ్రని లిపిలో తన పేరు ముచ్చటగా వ్రాసి చూపింది. ఆమెకు అక్షరం రాకపోవడం కాదు, ఆమెకు వచ్చిన అక్షరంలో ఆమెతో మాట్లాడే నాథుడు లేకపోవడం అసలు దుఃఖం.

ఇట్లాంటి వారికోసమే 1979లో అంతర్రాష్ట్ర వలస శ్రామికుల చట్టం చేశారు. దాదన్ అనే పేరుతో ఒడిశా నుండి తరలించిన కూలీల దుస్థితే దానికి ప్రేరణ. ఆ చట్టం ప్రకారం గుత్తేదారు ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలి. పని, కూలి వివరాలు అందులో హిందీ, ఇంగ్లీషులతోపాటు ఆ కూలీ భాషలో కూడా వ్రాయాలి. భాష బోధించి బ్రతికినవాడిని కాబట్టి ఈ నిబంధన అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. రానుపోను ఛార్జీలు, కనీసం సగం నెల కూలికి సమానమైన స్థానభ్రంశ భత్యం కూడా అందులో ఉండేవి. అమలు అంతంతమాత్రమే అనుకోండి. 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి ఆ చట్టం పోయింది. ప్రయాణ భత్యం మిగిలింది, అందరికీ నియామక పత్రం ఇవ్వాలన్న మంచి మాట చేరింది. పాసుపుస్తకం, స్థానభ్రంశ భత్యం జారిపోయాయి. వ్యాపారికి పూచీకత్తు మంజూరైన పదిరోజుల లోపలే ఇది జరిగింది.

నేను కోరేది పెద్దది కాదు. ప్రభుత్వ పూచీతో అప్పు తీసుకొనే కర్మాగారం, గుత్తేదారు తెచ్చినవారితో సహా తన కూలీలందరి పేర్ల పట్టిక కార్మికశాఖకు ఇవ్వాలి. పని ఆపేముందు నెలరోజుల నోటీసు, నిలిచిన కూలి, ఊరికి ఛార్జీలు ఇవ్వాలి. పని మొదలైనప్పుడు మొదటి పిలుపు వారికే అందాలి. మునిగేవాడిమీద ఇంకొక మూట పెడతారా అని వ్యాపార మిత్రులు అడుగవచ్చు. విశాఖ నుండి బరంపురానికి రైలు ఛార్జీ ఎంతో వారికి తెలియనిది కాదు. పైగా చేయి తిరిగిన మనిషి రేపు కావాలంటే ఎక్కడినుండి వస్తుంది?

ఆ 50 శాతం సుంకం 2026 ఫిబ్రవరిలో దిగివచ్చింది. వ్యాపారికి ఆ నాలుగు నెలల వాయిదాలు వెనక్కి జరిగే అవకాశం దక్కింది. కూలి లేని అవే నెలల్లో ఆ పిల్ల ఇంటివారు మైక్రోఫైనాన్సు వాయిదాలు తప్పకుండా కట్టారు. వాటిని జరపమని ఎవరూ ఉత్తరువు ఇవ్వలేదు.

నియామక పత్రమైనా, పని నిలుపుదల నోటీసైనా తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేయించడం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. అనువాదకులకోసం ఢిల్లీ వెళ్ళనక్కరలేదు. మన ఇచ్ఛాపురంలోనే ఒడియా మాధ్యమ పాఠశాలలు ఉన్నాయి, రెండు భాషలూ వచ్చిన ఉపాధ్యాయులూ ఉన్నారు. అడిగితే ఒక ఆదివారంలో వ్రాసి ఇస్తారు.