నడిపించేవాడి నోట చరిత్ర

మనీలాలోని ఫోర్ట్ శాంటియాగో కోట నేల మీద ఇత్తడి పాదముద్రలు పరిచి ఉంటాయి. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిసాల్ 1896 డిసెంబరు 30న జైలు గది నుంచి స్పానిష్ తుపాకుల ముందుకు నడిచిన దారి అది. విదేశీ పర్యాటకులు ఆ ముద్రల పక్కన తమ బూట్లు ఆనించి ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత వారికి ఏం గుర్తుంటుందన్నది గైడు చెప్పే తర్వాతి వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. రిసాల్ కవి, కంటి వైద్యుడు అని చెప్పి ముందుకు సాగిపోవచ్చు. మతాధికారుల పెత్తనాన్ని నవలల్లో ఎండగట్టి వారి ఆగ్రహానికి గురయ్యాడని, చివరికి తిరుగుబాటు నేరం మోపి కాల్చి చంపారని కూడా చెప్పవచ్చు. రెండూ నిజమే. కానీ రెండో నిజం ఖరీదెక్కువ.

ఆ ఖరీదేమిటో కార్లోస్ సెల్డ్రాన్‌కు తెలిసొచ్చింది. స్పానిష్ వారు కట్టిన గోడల నగరం ఇంట్రామురోస్‌లో పర్యాటకులను నడిపిస్తూ, నటిస్తూ, నవ్విస్తూ చరిత్ర చెప్పి పేరు తెచ్చుకున్న గైడు ఆయన. కుటుంబ నియంత్రణ బిల్లుకు చర్చి అడ్డుపడటాన్ని నిరసిస్తూ 2010 సెప్టెంబరులో రిసాల్ వేషంలో మనీలా కేథడ్రల్‌లోకి వెళ్లి 'దమాసో' అన్న అట్ట ఎత్తి చూపారు. దమాసో అంటే రిసాల్ నవలలోని దుష్ట మతగురువు. మత మనోభావాలను గాయపరిచారంటూ కేసు పెట్టారు. కింది కోర్టు విధించిన జైలు శిక్షను 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. సెల్డ్రాన్ దేశం విడిచి మాడ్రిడ్ చేరుకుని, 2019 అక్టోబరులో అక్కడే 46వ ఏట మరణించారు. రిసాల్‌ను కాల్చి చంపిన సామ్రాజ్యపు రాజధానే రిసాల్ కథ చెప్పిన గైడుకు ఆశ్రయమివ్వడం విచిత్రం.

కోట గోడల మధ్య చెప్పడానికి ఇబ్బందిపెట్టే సంగతులు ఇంకా ఉన్నాయి. ఇంట్రామురోస్‌లోని ఏడు చర్చిల్లో రెండో ప్రపంచ యుద్ధాన్ని తట్టుకుని నిలిచింది శాన్ అగస్టిన్ ఒక్కటే. 1607లో పూర్తయిన ఆ కట్టడం యునెస్కో జాబితాలోనూ ఉంది. మిగిలినవి ఏమయ్యాయన్న ప్రశ్నకు జవాబు 1945 నాటి మనీలా యుద్ధం. నెల రోజుల్లో సుమారు లక్ష మంది పౌరులు చనిపోయారు. జపాన్ సైనికులు ఊచకోత కోశారు. నగరాన్ని విడిపించడానికి వచ్చిన అమెరికన్ల ఫిరంగులు ఇళ్లను నేలమట్టం చేశాయి. ఈ రోజు గైడు వెంట నడిచే గుంపులో జపనీయులూ ఉంటారు, అమెరికన్లూ ఉంటారు. సెలవు మీద వచ్చిన అతిథి మనసు నొప్పించకుండా ఇదంతా చెప్పడమే ఈ వృత్తిలో అసలు పరీక్ష.

తిండి దగ్గరికి వస్తే పని తేలికవుతుందని అనిపిస్తుంది. కానీ అదీ భ్రమే. పాసిగ్ నదికి అవతల ఉన్న బినోండోను ప్రపంచంలోనే అతి పాత చైనాటౌన్ అంటారు. స్పానిష్ పాలకులు 1594లో, క్రైస్తవం పుచ్చుకున్న చైనీయుల కోసం దాన్ని ఏర్పాటు చేశారు. 1603లో మనీలా చైనీయులను వేల సంఖ్యలో చంపేశారు. అయినా వారి వంట మాత్రం ఆ దేశపు వంటే అయిపోయింది. కూరగాయలు చుట్టి ఇచ్చే లుంపియా, పాన్సిట్ నూడుల్స్ లేకుండా అక్కడ విందు ఉండదు. లుంపియా బాగుందని పర్యాటకుడు మెచ్చుకున్నప్పుడు గైడు ఆ 1603 సంగతి ఎత్తాలా, వద్దా?

భారతీయులు తెలుసుకోవాల్సిన పళ్లెం ఒకటుంది. దాని పేరు కారే-కారే. పల్లీల ముద్దతో చిక్కగా చేసిన పులుసులో ఎద్దు తోక మాంసం, పక్కన ఉప్పు రొయ్యల ముద్ద. 1762లో బ్రిటిష్ వారు మద్రాసు నుంచి సేన తీసుకెళ్లి మనీలాను పట్టుకున్నారు. 1764లో వారు వెళ్లిపోయినా కొందరు సిపాయిలు కైంతా పట్టణంలో స్థిరపడ్డారు. ఈ కూర వారి చేతి చలవేనని జనం చెప్పుకుంటారు. రుజువులు లేని కథే అయినా ఆ సిపాయిలు మాత్రం కల్పన కాదు. భాషలోని సాక్ష్యం ఇంకా పాతది. తగలోగ్‌లో 'ముఖా' అంటే ముఖం, 'గురో' అంటే టీచరు, 'ఆసా' అంటే ఆశ. బొప్పాయి కాయ తురిమి పెట్టే పచ్చడి పేరు 'అట్సారా'.

2025 జూన్ నుంచి భారతీయ పర్యాటకులు వీసా లేకుండా 14 రోజులు ఫిలిప్పీన్స్‌లో ఉండవచ్చు. దవావోలో వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థులను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకూ ఇది వెసులుబాటే. అయితే పర్యటనను హాయిగా ముగించాలన్న ఒత్తిడి గైడు మీద ఎప్పుడూ ఉంటుంది. సందర్శకులు సంతోషిస్తేనే నాలుగు రాళ్లు వస్తాయి. అందుకే కొంత బాధ్యత వినేవారిదీ. గోడ కనిపించినప్పుడు దాన్ని కట్టిందెవరని మాత్రమే కాకుండా, కూల్చిందెవరని కూడా అడిగితే చాలు. అడిగిన వారికి జవాబు చెప్పడం గైడుకు కూడా సులువవుతుంది.