మగ్గం మనది, కంప్యూటర్ ఎవరిది?

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్‌లో వజ్రాలు, నగల పార్కు కట్టారు. ఇప్పుడు వజ్రాన్ని ఎక్కడ కోయాలో కంప్యూటర్ చెబుతుంది, లేజర్ కోస్తుంది. అదే నగరంలో లింబాయత్ బస్తీల్లో తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు పవర్‌లూమ్‌లు నడుపుతున్నారు. వాళ్ల పిల్లల కోసం కార్పొరేషన్ తెలుగు మీడియం బడులున్నాయి. ఇలాంటి పిల్లలకు కంప్యూటర్ మీద ‘ఆసక్తి పుట్టించాలి’ అంటున్నారు పెద్దలు. లేనిది ఆసక్తా?

1804 నాటి జకార్డ్ మగ్గం అట్టకార్డుల్లోని చిల్లులను బట్టి పోగును లేపుతుంది. చిల్లు ఉంటే లేస్తుంది, లేకుంటే లేవదు. ఒకటి, సున్నా. ఆ కార్డులనే బాబేజ్ తన గణనయంత్రం నమూనాలోకి తీసుకున్నాడు. జకార్డ్ నేసే ఇంటి బిడ్డ కంప్యూటర్ పుట్టుకను చూస్తూ పెరుగుతోంది. ఆ సంగతి చెప్పే పాఠం మాత్రం లేదు.

యంత్రం దగ్గరికి ఎవరు రావాలో ఈ దేశంలో కులమే తేల్చింది. బొంబాయి మిల్లుల్లో కూలి ఎక్కువ దొరికే నేత విభాగంలోకి అంటరానివాళ్లను రానివ్వలేదు. నాడెలో దారాన్ని నోటితో పీల్చాలి కాబట్టి మైల అన్నారు. 1928 సమ్మెలో బాబాసాహెబ్ దీన్ని కార్మిక నాయకుల ముందే నిలదీశారు. 1942లో వైస్రాయికిచ్చిన వినతిపత్రంలో మా పిల్లలకు సైన్స్, టెక్నాలజీలో పైచదువులు కావాలని అడిగారు.

చేస్తూ నేర్చుకోవాలన్న జాన్ డ్యూయీ కొలంబియాలో ఆయనకు గురువు. ఆ ఆలోచననే ఇవాళ రోబో కిట్లు చేసి ఫీజు కట్టగలిగినవాళ్లకు అమ్ముతున్నారు. 2016లో వచ్చిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు 20 లక్షలిస్తారు, కానీ మొదటి నిబంధనల ప్రకారం బడి 1,500 చదరపు అడుగులు చూపించాలి. బస్తీ బడికి అంత జాగా ఎక్కడిది? 2025 బడ్జెట్‌లో ప్రభుత్వ బడులకు మరో 50,000 ల్యాబ్‌లన్నారు. అందులో వలస కూలీల భాషల్లో నడిచే బడులకెన్ని?

నిజానికి మొదటి ప్రాజెక్టుకు ల్యాబ్ కూడా అక్కర్లేదు. అట్టముక్క మీద ఎనిమిదికి ఎనిమిది గళ్లు గీసి, అమ్మ చీర అంచులోని పువ్వును చిల్లులుగా మార్చమనండి. రెండో వారం అదే పువ్వును తెర మీద కోడ్‌తో గీయించండి. అయితే ఆ రెండో వారం రావాలి. అట్ట దగ్గరే ఆపేస్తే అది 1953లో రాజాజీ మద్రాసులో తెచ్చిన కులవృత్తి చదువే. సగం పూట బడి, సగం పూట అయ్య పని.

నేను చదివిన బడిలో కంప్యూటర్ గది ఉండేది. దుమ్ము పడుతుందని మూడేళ్లూ తాళం తీయలేదు. గది ఊడ్చే రోజు మాత్రం మమ్మల్నే పిలిచేవారు.