గేటు లేని కంపెనీలు: యాప్ కార్మికుల చట్టం గురించి హిమాయత్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పౌరులకు విజ్ఞప్తి

ఇందిరా పార్కు దగ్గర మొదలై అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా వి.ఎస్.టి. కూడలి దాకా సాగే ఉక్కు వంతెనను 2023 ఆగస్టు 19న ప్రారంభించినప్పుడు దానికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. వి.ఎస్.టి. కార్మిక సంఘ నాయకుడిగా పేరు తెచ్చుకొని, ముషీరాబాద్ నుంచి శాసనసభకు ఎన్నికై, 2014లో తెలంగాణ తొలి మంత్రివర్గంలో హోం శాఖతో పాటు కార్మిక శాఖను కూడా నిర్వహించిన నాయకుడి పేరు అది. ఆ వంతెన మీద ఈనాడు అటూ ఇటూ పరుగులు తీసే బండ్లలో చాలావాటి మీద వీపున పెద్ద సంచీ తగిలించుకొన్న యువకులే కనిపిస్తారు. వారు మోసుకెళ్ళే బిర్యానీకి, మందుల పొట్లానికి బిల్లు ఉంటుంది, పన్ను ఉంటుంది, కాని మోసేవారికీ మోయించేవారికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటో చెప్పే కాగితం మాత్రం వారి చేతిలో ఉండదు.

వి.ఎస్.టి. అంటే వజీర్ సుల్తాన్ టొబాకో. నిజాం పాలనలో 1930లో కంపెనీగా నమోదై, చార్మినార్ సిగరెట్లతో దేశమంతటా తెలిసిన ఆ సంస్థలో లండన్ కేంద్రంగా ఉన్న బ్రిటిష్ అమెరికన్ టొబాకో అనే బహుళజాతి సంస్థకు దాదాపు మూడో వంతు వాటా ఉంది కనుక, విదేశీ పెట్టుబడి ఈ బస్తీలకు కొత్త చుట్టమేమీ కాదు. సిగరెట్ల కంపెనీని వ్యాపార నీతికి నమూనాగా నిలపడం ఈ కరపత్రం ఉద్దేశం కాదు. ఆ పెట్టుబడికి ఆజామాబాద్‌లో ఒక గేటు ఉండేదని, ఆ గేటు ముందు సంఘం మీటింగు పెట్టుకోగలిగేదని, లోపల ఎంతమంది పని చేస్తున్నారో లెక్క చెప్పమని ప్రభుత్వ తనిఖీ అధికారి అడగగలిగేవాడని గుర్తు చేయడమే ఉద్దేశం. యాజమాన్యం మనసు మెత్తబడి ఇచ్చినవి కావు ఆ హక్కులు; 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, అదే ఏటి ఈఎస్ఐ చట్టం, 1952 నాటి భవిష్య నిధి చట్టం ఒకదాని తరువాత ఒకటి వచ్చి ఆ గేటును కార్మికుడికి పనికివచ్చేదిగా మార్చాయి. వీటిలో 1947 చట్టంలోని 9ఎ సెక్షన్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జీతం, పని గంటలు వంటి షరతులను కార్మికుడికి నష్టం కలిగేలా మార్చదలచిన యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని అది శాసించింది; 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఈ సూత్రాన్ని నిలుపుకొంది. యాప్ కింద పనిచేసే రైడరుకు కిలోమీటరు రేటు, ఇన్సెంటివ్ లెక్క రాత్రికి రాత్రి మారిపోతాయి. తెల్లవారి ఫోను తెరిచినప్పుడే కొత్త షరతు తెలుస్తుంది, దానికి ఒప్పుకోకపోతే ఆర్డరు రాదు.

ఈ పనికి ‘గిగ్’ అని పేరు పెట్టడంలోనే ఒక తిరకాసు ఉంది. గిగ్ అన్నది పాశ్చాత్య సంగీత బృందాల వాడుక మాట. ఒక రాత్రి ఒక చోట వాయించి డబ్బు తీసుకొని వెళ్ళిపోయే కచేరీ అని దాని అర్థం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రం మృదంగం వాయించి, సంభావన అందుకొని, మర్నాడు మరో సభకు వెళ్ళే విద్వాంసుడిది నిజంగా గిగ్, ఎందుకంటే తన వెల తాను చెప్పుకొనే స్వేచ్ఛ, నచ్చని సభకు రానని చెప్పే స్వేచ్ఛ అతనికి ఉన్నాయి. వెల కంపెనీ నిర్ణయించి, దారి కంపెనీ చూపించి, వినియోగదారుడు ఇచ్చే నక్షత్రాలను బట్టి రేపటి ఆర్డర్లను కూడా కంపెనీయే తేల్చే పనిని ఏళ్ళ తరబడి, రోజంతా చేసే మనిషిని కచేరీ కళాకారుడిగా లెక్కించడం మాటల గారడీ. ఇటువంటివారు 2020–21లో దేశంలో 77 లక్షల మంది ఉన్నారని, 2029–30 నాటికి 2.35 కోట్లకు చేరుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది.

ఇది హైదరాబాదుకో భారతదేశానికో పరిమితమైన సమస్య కాదు. దీని వెనుక ఉన్న పెట్టుబడికీ ఎల్లలు లేవు. ఊబర్ షేర్లు న్యూయార్క్ మార్కెట్లో 2019 నుంచి చేతులు మారుతున్నాయి. స్విగ్గీ షేర్లు 2024 నవంబరులో భారతీయ మార్కెట్లో నమోదైన నాటికి అందులో అతిపెద్ద వాటాదారు నెదర్లాండ్స్‌కు చెందిన ప్రోసస్ సంస్థ. ఎల్లలు దాటని వస్తువు ఒక్కటే, అది బాధ్యత. 2021 ఫిబ్రవరి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్ల కేసులో తీర్పు చెబుతూ, ఛార్జీని, ఒప్పంద షరతులను కంపెనీయే నిర్ణయిస్తున్నదని, రైడ్లు కాదంటే శిక్షిస్తున్నదని, రేటింగుల ద్వారా పనిని అదుపు చేస్తున్నదని, ప్రయాణికుడితో డ్రైవరుకు నేరుగా సంబంధం ఏర్పడకుండా చూస్తున్నదని గుర్తించి, వారు స్వతంత్ర వ్యాపారులు కారని, చట్టపరమైన హక్కులున్న పనివారని తేల్చింది. నెల తిరగకుండానే ఆ దేశంలోని 70 వేల మందికి పైగా డ్రైవర్లకు కనీస వేతన హామీ, సెలవు జీతం, పింఛను వర్తింపజేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. లండన్‌లో సాధ్యమైనది నారాయణగూడలో అసాధ్యమని చెప్పాలంటే, బండి నడిపే మనిషి నడుము నొప్పికి దేశాన్ని బట్టి వేర్వేరు ధర ఉంటుందని ఒప్పుకోవలసి వస్తుంది. అయితే అదే కోర్టు 2023 నవంబరులో తిండి చేరవేసే డెలివరూ కంపెనీ రైడర్ల విషయంలో వేరే విధంగా తీర్పు చెప్పింది. తమ బదులు మరొకరిని పంపే వీలు వారి ఒప్పందంలో ఉండడమే అందుకు ముఖ్య కారణం. న్యాయస్థానం మీదే భారం వేస్తే ఒప్పందంలోని ఒక్క వాక్యం మార్చి తప్పించుకోవచ్చన్నమాట. ఈ పని శాసనసభలోనే జరగాలని కోరడానికి ఇదే ప్రధాన కారణం.

చట్టం వస్తే కంపెనీలు వెళ్ళిపోతాయని, ఉన్న ఉపాధి కూడా పోతుందని భయపెట్టేవారి వాదనను కొట్టిపారేయడం నిజాయితీ కాదు. స్పెయిన్ 2021లో ‘రైడర్ చట్టం’ తెచ్చి డెలివరీ పనివారిని ఉద్యోగులుగా పరిగణించాలని నిర్దేశించినప్పుడు డెలివరూ ఆ ఏడాదే ఆ దేశం నుంచి తప్పుకొంది. కాని ఆ మార్కెట్టులో పెద్ద కంపెనీ అయిన గ్లోవో అక్కడే ఉండి, చట్టంతో మూడేళ్ళ పాటు పెనుగులాడి, చివరకు 2024 డిసెంబరులో రైడర్లను ఉద్యోగులుగా తీసుకొంటామని ప్రకటించవలసి వచ్చింది. ఇష్టం వచ్చిన వేళల్లో పనిచేసే స్వేచ్ఛ పోతుందన్న వాదన ఇంతకంటె ఆలోచించదగినది, ఎందుకంటే పోటీ పరీక్షలకు చదువుకొంటూ సాయంత్రాలు మాత్రమే బండి తీసే యువకుడికి ఆ స్వేచ్ఛ నిజంగానే విలువైనది. ఐతే బీమాకు, సంక్షేమ నిధికి, కారణం చెప్పకుండా ఐడీ బ్లాక్ చేయరాదన్న, అంటే యాప్‌లో పనివారి ఖాతా మూసివేయరాదన్న నియమానికి పని వేళలతో సంబంధం లేదు. రెండు గంటలు పనిచేసినా ప్రమాదం జరగవచ్చు, రెండు గంటల పనికీ రుసుము లెక్క కట్టవచ్చు.

ఇక చట్టం ఎలా ఉండాలన్నది అసలు విషయం. కేంద్రం 2020లో చేసి 2025 నవంబరులో అమలులోకి తెచ్చిన సామాజిక భద్రత స్మృతి, అగ్రిగేటర్లు, అంటే కొనేవారినీ అమ్మేవారినీ మోసేవారినీ యాప్ ద్వారా కలిపే కంపెనీలు, తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం దాకా సంక్షేమ నిధికి ఇవ్వాలని చెబుతూనే, ఆ మొత్తం పనివారికి చెల్లించే సొమ్ములో 5 శాతానికి మించరాదని పరిమితి పెట్టింది. రాజస్థాన్ 2023లో దేశంలోనే మొదటి రాష్ట్ర చట్టం చేసి ప్రతి లావాదేవీ విలువపై రుసుము వేస్తామంది, కాని నియమాలు రూపొందించడంలో జాప్యంతో అది కాగితం మీదే నిలిచింది. కర్ణాటక 2025లో పనివారికిచ్చే ప్రతిఫలంపై 1 నుంచి 5 శాతం రుసుము నిర్ణయించింది. తెలంగాణ ప్రభుత్వం కూడా అదే ఏడాది ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. ఈ చట్టాల గురించిన చర్చ అంతా శాతాల చుట్టూనే తిరుగుతుంది, కాని శాతం కంటె ముఖ్యమైనది అది దేని మీద శాతం అన్నది. లెక్క అర్థం కావడానికి 300 రూపాయల ఆర్డరు ఒకటి, దాన్ని చేరవేసినందుకు రైడరుకు 30 రూపాయలు వచ్చాయని అనుకొంటే, ప్రతిఫలంపై ఒక శాతం 30 పైసలు, ఐదు శాతం రూపాయిన్నర. బిల్లు మొత్తంపై ఒక శాతమే మూడు రూపాయలు. పైగా ప్రతిఫలంపై రుసుము వేస్తే, రైడరుకు తక్కువ చెల్లించే కంపెనీ సంక్షేమ నిధికీ తక్కువే చెల్లిస్తుంది. పిసినారితనానికి రాయితీ ఇచ్చే ఏర్పాటు అది. తెలంగాణలో రుసుమును ప్రతి లావాదేవీ మొత్తం విలువపై, వినియోగదారుడు డబ్బు చెల్లించిన క్షణంలోనే, కంపెనీ ఖాతాకు చేరకముందే నిధికి మళ్ళేలా నిర్ణయించాలని ఈ కరపత్రం కోరుతున్నది.

ఆ మూడు రూపాయలు చివరకు తిండి తెప్పించుకొనేవారి నెత్తిన పడతాయన్నది నిజమే కావచ్చు. 2023లో రెండు రూపాయలతో మొదలైన ‘ప్లాట్‌ఫారం రుసుము’ 2025 నాటికి పది రూపాయలు దాటింది. దానికి హిమాయత్‌నగర్‌లో ఎవరూ ధర్నా చేయలేదు, ఆర్డర్లూ ఆగలేదు. దేనికోసమో చెప్పకుండా తీసుకొన్న పదికి అలవాటు పడిన జేబు, విరిగిన కాలికి కట్టు కట్టించే మూడింటికి బెదరదు. ఇప్పుడు ఆ ఖర్చు ఎవరూ భరించడం లేదని కూడా అనుకోరాదు. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గిగ్ కార్మికులకు ప్రకటించిన ఐదు లక్షల రూపాయల ప్రమాద బీమా మంచి పనే, కాని ఆ భారం ప్రజల ఖజానాది. లాభం ప్రైవేటుది, ప్రమాదం ప్రభుత్వానిది అన్న పంపకం ఎల్లకాలం సాగరాదు.

డబ్బు కంటె కష్టమైన అంశం ఐడీ బ్లాక్. ఫ్యాక్టరీ కార్మికుణ్ణి తొలగించాలంటే ఆరోపణ పత్రం, విచారణ, వివరణ ఉండాలి. యాప్ కార్మికుడి కొలువు ఒక ఉదయం లాగిన్ కాకపోవడంతో ముగుస్తుంది. ఆ నిర్ణయాన్ని తీసుకొనేది ఆల్గరిథం, అంటే ఏ సమాచారాన్ని ఎలా తూచి ఏ ఫలితం ఇవ్వాలో ముందే రాసిపెట్టిన గణన సూత్రాల వరుస. కర్ణాటక చట్టం తొలగింపుకు 14 రోజుల ముందు కారణంతో నోటీసు ఇవ్వాలంది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన ఆదేశం ఇంకో అడుగు వేసి, ఖాతా మూసివేత వంటి నిర్ణయాన్ని మనిషే తీసుకోవాలని విధించి, దాన్ని సొంత చట్టాలలో చేర్చడానికి సభ్య దేశాలకు 2026 డిసెంబరు దాకా గడువిచ్చింది. తెలంగాణ చట్టంలో ఈ రెండూ ఉండాలి. వాటితో పాటు రేటు మార్పుకు పాత 21 రోజుల నోటీసు సూత్రం, ఆల్గరిథాన్ని తనిఖీ చేసే అధికారం కూడా ఉండాలి.

ఇక్కడే విదేశీ వాణిజ్య విధానం అడ్డు వచ్చే ప్రమాదముంది. 2020 జులై 1న అమలులోకి వచ్చిన అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందం, సాఫ్ట్‌వేర్ మూల రచన అయిన సోర్స్ కోడ్‌నూ అందులోని ఆల్గరిథాలనూ వెల్లడించాలని ప్రభుత్వాలు షరతు పెట్టరాదని నిషేధించింది. నిర్దిష్ట విచారణలకు మినహాయింపు ఉన్నా, అందరికీ వర్తించే నిత్య తనిఖీకి తలుపు మూసింది. ఇటువంటి షరతుల కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టిన అమెరికాయే, పెద్ద టెక్నాలజీ కంపెనీలను అదుపు చేసే తన సొంత అధికారానికి అవి అడ్డమవుతాయన్న ఆలోచనతో 2023 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చలలో వాటికి మద్దతు ఉపసంహరించుకొంది. ఆ సంస్థలో కొన్ని దేశాలు కలిసి సాగించిన ఇ-కామర్స్ ఒప్పంద చర్చలకు భారతదేశం దూరంగా ఉండడం వివేకమే. దేశాల మధ్య జరిగే ద్వైపాక్షిక ఒప్పందాలలోనూ అదే జాగ్రత్త పాటించాలని, కార్మిక చట్టాల అమలుకు అవసరమైన ఆల్గరిథం తనిఖీ అధికారాన్ని ఏ అధ్యాయంలోనూ వదులుకోరాదని రాష్ట్ర శాసనసభ తీర్మానించి కేంద్రానికి పంపాలి. వ్యవసాయ సుంకాలపై రాష్ట్రాలు గళం విప్పుతున్నప్పుడు దీనిపై మాత్రం మౌనం ఎందుకు?

చట్టంతో నిమిత్తం లేకుండా రేపే చేయదగిన పని కూడా ఒకటుంది. ఈ బస్తీలలో హోటళ్ళ ముందు, డార్క్ స్టోర్ల ముందు, అంటే కొనేవారు లోపలికి వెళ్ళే వీలులేని, ఆర్డర్ల కోసమే సరుకు నిలవ చేసే గోదాముల ముందు, మే నెల ఎండలో బండ్ల మీదే కూర్చొని ఎదురుచూసేవారికి నీడ, మంచినీళ్ళు, మూత్రశాల కావాలి. చెన్నై కార్పొరేషన్ 2025లో అన్నానగర్ వంటి చోట్ల డెలివరీ పనివారికి ఏసీ విశ్రాంతి గదులు కట్టింది. నగరపాలక సంస్థ తలచుకొంటే ఉక్కు వంతెన కింది ఖాళీ స్థలంలో ఒక మూల అందుకు సరిపోతుంది.

కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర, ఆల్విన్ కార్మికుడిగా జీవితం మొదలుపెట్టి 1980లో ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య పేరిట ఉన్న భవనంలో ఉంది. ఐడీ బ్లాక్ అయిన రైడరు ఫిర్యాదు తీసుకొని, కంపెనీ ప్రతినిధిని పిలిపించి, నిర్ణీత రోజుల్లో జవాబు చెప్పించే కౌంటరు ఒకటి ఆ భవనం నేల అంతస్తులోనే తెరవాలని కోరుతూ, పైన చెప్పిన కోర్కెలతో కూడిన వినతిపత్రాన్ని నాలుగు బస్తీల అపార్ట్‌మెంటు సంఘాలు, దుకాణదారుల సంఘాలు, హాస్టళ్ళ విద్యార్థులు సంతకాలు చేసి అక్కడే అందజేయాలి. దాని ప్రతులను తమ తమ శాసనసభ్యులకు పంపాలి.