హేవలాక్ వంతెనను తుప్పుకు వదలరాదు

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరిపై మొట్టమొదట రైలును దాటించిన హేవలాక్ వంతెన పని మాని పాతికేళ్లు దాటింది. విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఈ వంతెన తొంభై ఏడేళ్లు బరువు మోసింది. అటువంటి కట్టడం ఇంతకాలంగా ఏ ఉపయోగానికీ నోచుకోకపోవడం శోచనీయం.

1897 నవంబరు 11న పని మొదలుపెట్టి, 1900 ఆగస్టు 30న రైళ్లకు తెరిచారు. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. కాశీ వద్ద గంగపై డఫరిన్ వంతెన కట్టిన ఇంజనీరు వాల్టన్ దీనినీ కట్టించాడు. ఇసుక నేలలో నూతులు దింపి, రాతి స్తంభాలు లేపి, ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలకు ఇనుప దూలాలు పరిచారు. అంతకు ముందు నదికి అటూ ఇటూ రైలు ఉన్నా, నడుమ గోదావరిని పడవలపై దాటవలసి వచ్చేది. 1986 ఆగస్టు వరదకు లంకలు మునిగిపోయినా ఈ వంతెన చెక్కుచెదరలేదు.

1974లో రోడ్డు రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన వచ్చాయి. దానితో పాత వంతెనపై రైళ్లు ఆగిపోయాయి. రైళ్లు నడిచే వంతెనకు కాపలా, తనిఖీ, వేళకు రంగు ఉంటాయి. రైళ్లు ఆగితే అవన్నీ తగ్గిపోతాయి. నది మీది తేమ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. రాతి స్తంభాలు ఓర్చుకున్నంతగా ఇనుము ఓర్చుకోలేదు.

పాత కట్టడం కనిపిస్తే ఎక్కి చూడాలనుకోవడం కుర్రకారుకు సహజం. కానీ తుప్పు పట్టిన రేకు ఎక్కడ విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కింద ఉన్నది గోదావరి. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లినవారికి 1989 రైల్వే చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంది. పిల్లలకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత పెద్దలది, ఉపాధ్యాయులది. అయితే చట్టం చూపి భయపెట్టినంత మాత్రాన సరిపోదు. జనం భద్రంగా చూసే దారి అధికారులే చూపాలి.

2025 జూన్‌లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. ఈ వంతెనను పర్యాటక స్థలంగా మార్చడం అందులో ఒక భాగం. ఇది సంతోషించదగిన విషయమే. అయితే శిలాఫలకాలు ఎన్నో చూసిన జనానికి పని కళ్లబడితేనే నమ్మకం కుదురుతుంది. ముందుగా ప్రతి ఖానానూ నిపుణుల చేత పరీక్ష చేయించాలి. గట్టి కమ్మీలు, దీపాలు, కాపలా ఏర్పాటు చేశాకే జనాన్ని ఎక్కనివ్వాలి. హంగులు, అంగళ్ల కంటే ముందు ఇరు గట్ల జనం నడిచి వెళ్లగల బాట ఉండాలి. వంతెన చరిత్రను తెలుగులో రాసిన బోర్డు పెట్టాలి.

లోగడ ఒక గట్టు ఒక జిల్లాలో, రెండోది మరో జిల్లాలో ఉండేవి. 2022 పునర్విభజనలో కొవ్వూరు కూడా తూర్పుగోదావరిలో చేరింది గనుక ఒకరిపై ఒకరు నెట్టుకునే సాకు కూడా తొలగింది. 2027 పుష్కరాలకు లక్షల జనం ఈ రేవులకు వస్తారు. ఆ లోగా వంతెనను భద్రం చేయకపోతే జరిగే నష్టానికి అధికారులే జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.