ఉగ్గుగిన్నెలో సీసం: పూచీ ఎవరిది?

2021 ఫిబ్రవరి 4న అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఒక నివేదిక వెలువరించింది. ఢిల్లీలో పుట్టిన రాజా కృష్ణమూర్తి దానికి అధ్యక్షుడు. పేరుమోసిన కంపెనీల శిశు ఆహారంలో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, పాదరసం ఉన్నాయని ఆ నివేదిక తేల్చింది. అందుకు సాక్ష్యం కంపెనీల సొంత పరీక్షా పత్రాలే. ఆ తరువాత తల్లిదండ్రుల దావాలు వెల్లువెత్తాయి. 2024 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టుల్లోని కేసులను కాలిఫోర్నియా ఉత్తర జిల్లా కోర్టులో ఒకచోట చేర్చారు.

కంపెనీల వాదన ఒక్కటే: లోహాలు నేలలో, నీటిలో ఉన్నాయి, తమ తప్పేమీ లేదు. ఇది అర్ధసత్యం. నీరు నిలిచే పొలంలో పెరిగే వరి ఆర్సెనిక్‌ను పీల్చుకుంటుందన్నది నిజమే. కానీ ఏ బియ్యం కొనాలో, పరీక్షలో తేలిన సరుకును ఆపాలో అమ్మాలో నిర్ణయించేది నేల కాదు, యాజమాన్యం. ముడిసరుకును మాత్రమే పరీక్షిస్తే ప్రమాదం తక్కువగా కనిపిస్తుందని, తయారైన ఆహారంలో ఆర్సెనిక్ అంతకన్నా ఎక్కువగా ఉందని హెయిన్ కంపెనీ 2019లోనే ఎఫ్‌డీఏకు చెప్పుకొంది. తెలిసీ మౌనం వహించిన నియంత్రణ సంస్థకూ ఈ పాపంలో వాటా ఉంది.

ఫలానా బిడ్డ జబ్బుకు ఫలానా డబ్బాయే కారణమని కోర్టులో నిరూపించడం కష్టం. కానీ సీసానికి సురక్షిత పరిమితి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అలాంటప్పుడు నిరూపణ భారమంతా తల్లి ఒడిలో పడేసి, పరీక్షా ఫలితాలను కంపెనీ బీరువాలో దాచుకోనివ్వడం న్యాయమెలా అవుతుంది? కాలిఫోర్నియా ఆ తాళం తీసింది. 2024 నుంచి నెలనెలా పరీక్ష, 2025 నుంచి ఫలితాల బహిరంగ ప్రకటన అక్కడ తప్పనిసరి.

మన సంగతేమిటి? బెంగాల్ నుంచి బీహార్ వరకు భూగర్భజలాల్లో ఆర్సెనిక్ ఉంది. ఆ నీటితోనే వరి పండుతోంది. 2015లో మ్యాగీలో సీసం ఉందని నిషేధం విధించారు. రెండు నెలలకే బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ప్రజల తరఫున కేంద్రం కోరిన సుమారు 640 కోట్ల రూపాయల పరిహారాన్ని జాతీయ వినియోగదారుల కమిషన్ 2024 ఏప్రిల్‌లో తోసిపుచ్చింది. పరీక్షలు పకడ్బందీగా చేయని ప్రభుత్వం న్యాయస్థానంలో గెలవలేదన్నదే దాని పాఠం.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. ఎందరి తరఫుననైనా ఒక్కరే ఫిర్యాదు చేసే వీలూ ఉంది. లేనిది సాక్ష్యం. ప్రతి బ్యాచ్ లోహపరీక్ష ఫలితాన్నీ డబ్బా మీది కోడ్‌తో ఎవరైనా చూసుకునేలా ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించాలి. దానికి పార్లమెంటు కొత్త చట్టం చేయాల్సిన పని లేదు, సంకల్పం ఉంటే చాలు. దావాలు లేని దేశంలో ఆహారం శుభ్రంగా ఉందనుకోవడం భ్రమ. కొలవని విషం కేసుల లెక్కల్లోకి రాదు, బిడ్డ నెత్తుటిలోకి మాత్రం చేరుతుంది.